పట్టీ వెనక మూడు చుక్కలు

జూన్ 4

మామయ్యా,

ముందు అత్తకి చెప్పు, స్వెట్టరు అందింది, ఒంటికి సరిపోయింది. చేతులు మాత్రం ఇంకో మనిషికి కూడా సరిపోతాయి. నీకు ఫోను చేస్తే "ఎవరూ? ఏ బ్యాంకూ?" అంటావు కాబట్టి ఉత్తరమే గతి. మెరుగుపెట్టే బఫింగు మోటారు నీ చెవులు తినేసింది సరే, ఇంతింత రాయించి నా వేళ్లు కూడా తినాలా?

సోమవారం మన క్రోమ్ పూత షెడ్డుకి ఒక కారు వచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. లేత ఆకుపచ్చ. బయట బాగానే ఉంది గానీ తలుపు తీస్తే లోపలి క్రోమ్ అంతా గుంటలు. తెచ్చినావిడ రిటైరైన డాక్టరు. చాలా ఏళ్లు సముద్రం ఒడ్డున ఎక్కడో పనిచేసి, ఈ మధ్యే మళ్లీ మన ఊరు వచ్చేసిందట. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కర్ర మింగినట్టు నిటారుగా నిలబడుతుంది. లోపలికి వస్తూనే నా మొహం చూడలేదు, చేతులు చూసి "గ్లౌజులు వేసుకోవా?" అంది. నాకు తెగ నచ్చింది.

హారన్ రింగు, కిటికీ హ్యాండిళ్లు నాలుగు, రేడియో చుట్టూ ఫ్రేము, యాష్‌ట్రే మూత, ఆ పైన గ్లోవ్‌బాక్సు మీద అడ్డంగా ఉండే పొడుగు పట్టీ. అన్నీ విప్పమంది. పట్టీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించి, "ఇదొక్కటీ చాలా జాగ్రత్తగా చెయ్యమ్మా. దీని సంగతి ఎవరితోనూ అనకు. నాకు సిగ్గుగా ఉంది" అంది. చెవులు ఎర్రబడ్డాయి కూడా. క్రోమ్ పట్టీ గురించి సిగ్గుపడిన మనిషిని నేను ఇదే చూడటం.

ఎవరితోనూ అంటే నువ్వు లెక్కలోకి రావు కదా, అందుకే చెబుతున్నాను.

వింత ఏమిటంటే, మిగతా ముక్కల మీద గుంటలు సూది మొనంత. ఈ పట్టీ మీద మాత్రం శనగగింజంత పొక్కులు లేచి పగిలాయి. అదే కారు, అదే గాలి, అదే సముద్రం. ఇదొక్కటే ఎందుకిలా అయింది? తిప్పి చూశాను. వెనక మూడు చుక్కలు! మధ్యది కాస్త కిందికి. మన బోర్డు మీద నేను పెయింటు వేయించిన చుక్కలే, నువ్వు పంచ్‌తో కొట్టే గుర్తే. ఎగిరి గంతేశాను మామయ్యా. ఎప్పుడు చేశావు ఇది? ఎవరికి చేశావు? ఈవిడ నీకు తెలుసా? అన్నీ రాయి, ఒక్కటీ వదలకు.

నీ ఈలపిల్ల


జూన్ 11

ఈలపిల్లా,

ఉత్తరం అందింది. షెడ్డు నీకప్పగించి ఇక్కడికి వచ్చాక నా దగ్గు నయం, కొండగాలి పడింది. నేను దగ్గకపోతే మీ అత్తకే తోచడం లేదు. గంటకోసారి వచ్చి "ఉన్నారా?" అని చూసిపోతోంది.

కిటికీ హ్యాండిళ్ల మీదవి చేతి చెమట గుంటలు. సూది మొనంత వాటికి పూత మొత్తం దింపకు. అల్యూమినియం రేకు ముక్క నీళ్లలో ముంచి మెల్లగా రుద్ది చూడు, సగం మరకే అయ్యుంటుంది. హారన్ రింగు పల్చన. బఫింగు చక్రానికి ఎక్కువసేపు ఆనించావంటే వేడికి వంగుతుంది, వంగాక నువ్వెంత ఏడ్చినా తిన్నగా రాదు. రేడియో ఫ్రేము మీద అంకెలుంటే వాటి అంచులు చేత్తోనే రుద్దు, మోటారు వద్దు. లోతు గుంటలు ఏవైనా ఉంటే అడుగున లోహం మెరిసేదాకా తవ్వాలని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ పొడుగు పట్టీ పక్కన పెట్టెయ్యి. పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర అలాంటిదే ఇంకోటి దొరుకుతుందేమో వెతుకు. చుక్కలంటావా, చుక్కలు కొట్టేవాణ్ని ఊళ్లో నేనొక్కణ్నేనా? ఎన్ని వందల పట్టీలు చూశాను, ఏదని గుర్తుంటుంది?

వాన పడుతోందని పూత తొట్టెల గది కిటికీ మూసెయ్యకు. ఆవిరి మంచిది కాదు.

మామయ్య

అమ్మడూ, అత్తను. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఈయన తీరు బాగాలేదు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నారు. నిన్న టీలో ఉప్పు వేసుకుని తాగేశారు, బాగుందన్నారు కూడా. ఏం రాశావేమిటి?


జూన్ 18

మామయ్యా,

నీ ఉత్తరం చదివి నాకు గుండె జారింది. నీ గుర్తు నీకు గుర్తులేకపోవడమేమిటి? ఇరవై ఏళ్ల కిందట ఎవరి బంపరు ఎక్కడ సొట్టబోయిందో చెప్పే మనిషివి! పైగా టీలో ఉప్పు. దాచకుండా చెప్పు, ఈ మధ్య అన్నీ ఇలాగే మరిచిపోతున్నావా?

నవ్వకుండా వీటికి జవాబు రాయి. ఒకటి, నువ్వు నా చేతికిచ్చిన మొట్టమొదటి ముక్క ఏది? రెండు, మన షెడ్డు తలుపు తాళం ఎలా తీయాలి? మూడు, అత్త పుట్టినరోజు ఎప్పుడు? దీంతోపాటు జ్ఞాపకశక్తి మాత్రలు పంపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. డాక్టరమ్మనే అడిగి కొన్నాను. "మా మామయ్య ఈ పని చేసి మానేశాడండీ, ఇప్పుడు ఏదీ గుర్తుండట్లేదు" అన్నాను. ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. తర్వాత, "కొన్ని మరిచిపోతేనే మంచిదిలే" అని, సగం టీ వదిలేసి వెళ్లిపోయింది. డాక్టరు అయ్యుండి అలా అనొచ్చా?

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ సంగతి వేరు.

నువ్వు వద్దన్నా వినకుండా పట్టీ పూత దింపాను. కింద ఏముందో తెలుసా? టంకం. ఎవడో మహానుభావుడు గుంటలు తవ్వనే లేదు. లోపలి తుప్పు, ఆ బూడిద పొడి, లోపలే ఉంచి, పైన టంకం మెత్తేసి, ఒక్క పొర రాగి పూసి, నికెలు క్రోము కప్పేశాడు. పైకి అద్దంలా ఉండి ఉంటుంది. లోపల ఇన్నాళ్లూ తింటూనే ఉంది. పట్టీ అసలు లోహం జింకు కదా, అది సగానికి సగం డొల్ల. అందుకే పొక్కులు!

అది చూశాక నా మనసు కుదుటపడింది. నీకు మతిమరుపు లేదు, నువ్వు రాసిందే నిజం. ఇది నీ పని కాదు. నీ గుర్తు దొంగిలించి ఎవడో తొందరమనిషి ఇంత దొంగపని చేశాడు. అలాంటివాడి చేతికి డ్రిల్లు కాదు, చీపురు కూడా ఇవ్వకూడదు. పాపం ఆవిడ సిగ్గుపడుతోందంటే, మోసపోయానని సిగ్గు కాబోలు. వచ్చే నెల మొదట్లో ఆవిడ వస్తుంది. చెప్పేస్తాను, మా మామయ్య గుర్తు కొట్టి ఎవడో మిమ్మల్ని ముంచాడండీ, వాడెవరో చెప్పండి, నేను వెళ్లి అడుగుతాను అని. అడగడం అంటే ఎలా అడుగుతానో నీకు తెలుసుగా!

ఈలపిల్ల


జూన్ 24

ఈలపిల్లా,

ఇది అందేదాకా డాక్టరమ్మతో ఏమీ అనకు. ఎవరింటికీ వెళ్లకు. ఎవరినీ అడగకు.

నీ పరీక్షకి జవాబులు. ఒకటి, నీ చేతికి ముందు ఇచ్చింది కారు ముక్క కాదు, సబ్బుపెట్టె మూత. రెండు, తాళంచెవి ఎడమకి తిప్పి, తలుపు పైకెత్తి, కింద ఒక తన్ను తన్నాలి. మూడు, మీ అత్త పుట్టినరోజు నాకు మతి బాగున్న రోజుల్లోనూ గుర్తులేదు. మాత్రలు మీ అత్త వేసుకుంటోంది. అప్పట్నుంచి నేను ఎప్పుడెప్పుడో అన్న మాటలన్నీ ఆవిడకి గుర్తొస్తున్నాయి. ఇంక పంపకు.

ఇక రాయాల్సింది రాస్తాను. ఆ తొందరమనిషిని నేనే.

నీకప్పుడు ఐదేళ్లు. మీ అమ్మ ఉద్యోగ శిక్షణకని వేరే ఊరు వెళుతూ నిన్ను మా దగ్గర వదిలింది. మూడు రోజులు జలుబు అనుకున్నాం. నాలుగో రోజు మధ్యాహ్నం నువ్వు ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది. పెదాలు నీలంగా అయ్యాయి. జోరు వాన. నిన్ను భుజాన వేసుకుని రోడ్డు మీదకి పరిగెత్తాను. చెయ్యెత్తితే ఒక్క బండీ ఆగలేదు. నేను చెయ్యెత్తకుండానే ఒక ఆకుపచ్చ కారు ఆగింది. ఆవిడ తలుపు తోసి, "ఎక్కండి. పిల్లని నిటారుగా పట్టుకోండి" అంది. దారంతా ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి నీ వీపు మీద. ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆపడం కూడా మరిచిపోయి మెట్ల దాకా పోనిచ్చింది.

నీతో ఇంతవరకు చెప్పనిది ఇంకోటి ఉంది. నిన్ను ఒళ్లో పెట్టుకుని, నీ ఊపిర్లు లెక్కపెడుతూ కూడా నా పాడు కళ్లు ఎదురుగా ఉన్న పట్టీ మీద గుంటల మీదకే పోయాయి. ఎక్కడి నుంచి తవ్వాలా అని చూస్తున్నాను. పనివాడి బుద్ధి. అలా చూడకపోతే ఆ రోజు నాకు పిచ్చెక్కేదేమో.

వారం రోజులు ఆవిడే దగ్గరుండి చూసింది. బుధవారం నువ్వు లేచి కూర్చుని బిస్కెట్టు అడిగావు. ఫీజు ఎంతండీ అంటే "నా పని నేను చేశాను" అంది, పైసా ముట్టుకోలేదు. అయితే నా పని నన్ను చేయనివ్వండి అని, ఆసుపత్రి ఆవరణలోనే స్క్రూలు విప్పి పట్టీ తీసుకున్నాను. అప్పుడు చెప్పింది, బదిలీ అయింది, ఆదివారం వెళ్లిపోతున్నానని.

ఆ పని పద్ధతిగా చేస్తే పది రోజులు. నాకున్నవి మూడు. తర్వాత పంపిస్తానండీ అని ఉండొచ్చు. అనలేకపోయాను. నిన్ను నాకు తిరిగి ఇచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపించలేకపోయాను. అందుకని నువ్వు చూసిందే చేశాను. ఆదివారం పొద్దున బిగించాను. అద్దంలా ఉంది. ఆవిడ అందులో మొహం చూసుకుని నవ్వింది. బిగించేముందు వెనక చుక్కలు కూడా చూపించాను, "ఇవి ఉన్నన్నాళ్లూ దీనికి నేను జవాబుదారీ" అని. లోపల పొడి ఉందని తెలిసే అన్నాను ఆ మాట.

జన్మలో నేను ఎవరికైనా మనసారా కృతజ్ఞతగా చేసిన పని అదొక్కటే, నా చేతిలో అంత చెడ్డ పని కూడా అదే. నీ చేత ఒక్కో గుంట పదేసిసార్లు తవ్వించింది నీ పని నచ్చక కాదు. నీకు ఈలపిల్ల అని పేరు పెట్టింది నువ్వు ఈలలు వేస్తావని కూడా కాదు.

ఆవిడకి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఎవరితోనూ అనకు అందంటే నా పరువు కాపాడుతోంది, అంత మంచిది. బోర్డు మీద ఆ చుక్కలు చెరిపించెయ్యి.

మామయ్య


జూలై 3

మామయ్యా,

నాలుగు రోజులు ఏమీ రాయలేకపోయాను. ముందు కోపం సంగతి చెబుతాను, ఎందుకంటే వచ్చింది. నువ్వు ఆ పని చేసినందుకు కాదు. పద్నాలుగేళ్లప్పుడు నేను ఒకే యాష్‌ట్రే మూత మళ్లీ మళ్లీ ఏడుస్తూ తవ్వుతుంటే, నువ్వు గుమ్మంలో నిలబడి "ఇంకా పొడి ఉంది" అనేవాడివి. అప్పుడు ఒక్కసారి "నేనూ ఒకటి పాడుచేశానే" అని ఉంటే నాకెంత తేలిగ్గా ఉండేది! నువ్వు తప్పే చేయవనుకుని ఇన్నేళ్లూ నీ ముందు భయంభయంగా పనిచేశాను.

కోపం అయిపోయింది. ఇప్పుడు రెండోది. ఇవాళ పొద్దున షట్టరు ఎత్తి మోటారు వేయబోతూ ఆగి, ఊరికే ఊపిరి తీసుకుని వదిలాను. ఒకటి, రెండు, మూడు. ఏ చప్పుడూ లేదు. నువ్వు ఆ రోజు కారులో కూర్చుని లెక్కపెట్టినవి ఇవే కదా అనుకున్నాను. అంతే, స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను. నువ్వు పరిగెత్తావు, ఆవిడ ఆపింది. మీ ఇద్దరికీ నేను ఏం ఇవ్వగలను?

ఇక మూడోది విను, కూర్చుని విను. డాక్టరమ్మ మొన్న శుక్రవారం వచ్చింది. నేనేం చెప్పలేదు. "ఈ పట్టీ గురించి సిగ్గెందుకండీ?" అని మాత్రం అడిగాను. ఆవిడ చెప్పింది ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఒకాయన దీన్ని నాకు కానుకగా చేసిచ్చాడమ్మా. ఆ వెనక చుక్కలు ఆయనవే. మీ బోర్డు మీద చూసే వచ్చాను. వెళ్లిన ఏడాదికే దాని మీద పొక్కులు లేచాయి. ఉప్పుగాలి. సముద్రం పక్కన కారు పెట్టి నేనే పాడుచేసుకున్నాను. అంత మనసుపెట్టి చేసిచ్చినదాన్ని చూసుకోవడం చేతకాలేదు. అప్పట్నుంచి కిటికీ అద్దాలు దించకుండానే కారు నడిపాను, మిగిలిందైనా మిగులుతుందని. ఆయన ఇప్పుడు దీన్ని చూస్తే ఏమనుకుంటాడో! మరిచిపోయాడన్నావుగా, అదే మంచిది."

అర్థమైందా? ఆవిడ నీ పరువు కాపాడటం లేదు. నీకు మొహం చూపించలేక తిరుగుతోంది! నువ్వు కొండ మీద, ఆవిడ ఇక్కడ, ఇద్దరూ ఒకే పట్టీ చూసి ఇరవై ఎనిమిదేళ్లుగా తలదించుకుంటున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, టీ పెట్టే వంకతో లోపలికి వెళ్లి రెండూ చేశాను.

నేను నోరు విప్పలేదు. ఆ పిల్ల నేనేనని కూడా చెప్పలేదు. రెండూ నువ్వు చెప్పాల్సినవి. చుక్కలు చెరిపించను. పట్టీ నీకు పార్సెల్ చేస్తున్నాను, గుంటలన్నిటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. నలభై ఒకటి. తవ్వు మామయ్యా. అడుగున లోహం మెరిసేదాకా. పొడి మిగిలితే వెనక్కి పంపిస్తాను, చెబుతున్నా.

ఈలపిల్ల


జూలై 20

ఈలపిల్లా,

పట్టీ పంపుతున్నాను. నలభై ఒకటీ అయ్యాయి. వరండాలో బల్ల వేసుకుని, చేతి డ్రిల్లుతో, పూటకి మూడో నాలుగో. చెయ్యి వణుకుతోందని మీ అత్త నా మణికట్టుని తువ్వాలుతో బల్లకి కట్టేసింది. ఎదురుగా భూతద్దం పట్టుకుని కూర్చుని, ప్రతి గుంట చూసి "ఇంకా పొడి ఉంది" అనేది. ఈ మాట ఎక్కడ నేర్చుకున్నావే అంటే, "నలభై ఏళ్లు వినలేదా?" అంది. ముప్పై ఏడో గుంట అవతలికి తూటు పడింది. అక్కడ జింకు మిగల్లేదు. వెనక నుంచి రాగి రేకు ఆనించి, ఆ తర్వాత నింపు. తొందరపడకు, ఒక వారం ఎక్కువైనా సరే. ఈ మాట నేను రాస్తుంటే మీ అత్త నవ్వుతోంది.

అద్దాల మాట చదివిన రోజు అన్నం సహించలేదు. నా అబద్ధం ఒక రేకు ముక్కని తిన్నదనుకున్నాను ఇన్నాళ్లూ. ఒక మనిషికి గాలి ఆడకుండా చేసిందని తెలియదు. అదీ, నీకు గాలి ఆడేలా చేసిన మనిషికి!

ఇందులో ఇంకో కవరు ఉంది, డాక్టరమ్మకి. బస్సులో ఆ మలుపులన్నీ దిగి రావడానికి నా ఛాతీ ఒప్పుకోదు, అందుకని రాశాను. ఏడుసార్లు రాశాను. మొదటి ఆరూ మీ అత్త చదివి, "సాకులు ఎక్కువ, సంగతి తక్కువ" అంది. ఏడోది అర పేజీ. నువ్వు విప్పకు. విప్పుతావని తెలుసు, అయినా విప్పకు. ఆవిడ ఏమంటే అది, తిడితే తిట్లు కూడా, దాచకుండా రాయి.

మామయ్య


ఆగస్టు 9

మామయ్యా,

విప్పలేదు. దీపం ముందు పెట్టి చూశాను గానీ కవరు మందం.

నిన్న ఆవిడ వచ్చింది. పట్టీ బల్ల మీద తెల్లగుడ్డలో ఉంది. ముందు గుడ్డ విప్పబోయింది, నేను ఆపి నీ కవరు ఇచ్చాను. నిలబడే చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. కళ్లజోడు తీసి, "నీకు తెలుసా ఇది?" అంది. తెలుసన్నాను. అప్పుడు చూడాలి మామయ్యా!

"ఇరవై ఎనిమిది వేసవులు!" అని బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. స్క్రూలన్నీ ఎగిరాయి. "ఉడికిపోయాను నేను! నా కారెక్కమంటే నర్సులు బస్సుకోసం పరిగెత్తేవారు! ఒకసారి నాకే కళ్లు తిరిగితే రోడ్డు పక్కన ఆపి కూర్చున్నాను, అయినా అద్దం దించలేదు! ఎందుకంటే ఎవరో పెద్దమనిషి కానుక పాడవుతుందని!" ఇంకా చాలా అంది. రాయమన్నావు గానీ కొన్ని మందుల పేర్లో తిట్లో నాకు తెలియలేదు.

వెళ్లిపోతుందనుకున్నాను. స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. "నేను పాడుచేయలేదన్నమాట" అంది. ఈ మాట మూడుసార్లు అంది మామయ్యా. చిన్నపిల్ల పరీక్ష పాసైనట్టు ఉంది మొహం.

తర్వాత నవ్వు ఆపి నా వైపు చూసింది. "అయితే ఆ పిల్లవి నువ్వే." సంచిలోంచి స్టెతస్కోపు తీసింది. రిటైరై మూడేళ్లయినా వెంట తెచ్చుకుంటోందట. "మోటారు ఆపు. ఊపిరి తియ్యి. గట్టిగా. వదులు. మళ్లీ." వీపు మీద నాలుగు చోట్ల, ముందు రెండు చోట్ల. డాక్టరుకి అంతసేపు అక్కర్లేదు, నాకు తెలుసు. నేను తీస్తూనే ఉన్నాను, ఆవిడ వింటూనే ఉంది. చివరికి "శుభ్రంగా ఉంది" అని, ముక్కు చీదుకుని, "గ్లౌజులు వేసుకో" అంది.

అప్పుడు పట్టీ విప్పి చూపించాను. ముందువైపు చూడలేదు, తిప్పి వెనక చూసింది. నీ మూడు చుక్కలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన నాలుగోది నేను కొట్టాను. నీతో చెప్పకుండా కొట్టాను, కోప్పడకు. ఇన్నేళ్లు నీ గుర్తే వేస్తూ వచ్చాను, నాదంటూ వేయడానికి ధైర్యం చాలలేదు. ఈ పట్టీ మీద నీ పని ఉంది, నా పని ఉంది, అత్త కళ్లు కూడా ఉన్నాయి. "దీనికి జవాబుదారీ ఎవరు?" అని అడిగింది. ఇద్దరమూ అన్నాను.

నేనే బిగించాను. ఆవిడ సీట్లో కూర్చునే అటూ ఇటూ తిరిగి, నాలుగు కిటికీలకీ చెయ్యి చాపి, ఒక్కో హ్యాండిలూ తిప్పి అద్దాలు దించింది. వెనక ఎడమది కిర్రుమని మొరాయించింది, అన్నేళ్లకి. గేటు దాటి మలుపు తిరిగేదాకా ఆవిడ తెల్ల జుట్టు గాలికి నిలబడి ఉండటం కనిపించింది.

వెళుతూ నీ అడ్రసు తీసుకుంది. తిట్టాల్సింది చాలా మిగిలిందట, ఉత్తరంలో పట్టదట. అత్తతో చెప్పి కప్పులు కడిగించు.

ఈలపిల్ల


ఆగస్టు 23

ఈలపిల్లా,

వచ్చింది. మలుపులన్నీ అద్దాలు దించుకునే ఎక్కిందట, సీటు నిండా ఎండుటాకులు. హారన్ నాకు వినపడలేదు, మీ అత్త లాక్కొచ్చింది.

నేను నమస్కారం పెట్టి అనుకున్నదంతా చెప్పబోయాను. ఆవిడ తిట్టాలనుకున్నదంతా తిట్టబోయింది. ముందు మీరంటే ముందు మీరనుకున్నాం. మీ అత్తే మధ్యలో "టీలో ఉప్పా, పంచదారా?" అని అడిగింది, అప్పుడు నవ్వాం. ఉప్పు వేసుకుని తాగిన కథ కూడా చెప్పించుకుని మరీ నవ్వింది ఆవిడ. తిట్లు మాత్రం భోజనం అయ్యాక తీరిగ్గా తిట్టింది. నాకు సగమే వినపడ్డాయి. ఆ సగానికే చాలా హాయిగా ఉంది.

నీ నాలుగో చుక్క గురించి. ఆవిడ టార్చి ఇచ్చి చూడమంటే స్క్రూలు విప్పి చూశాను. కొంచెం లోతు ఎక్కువైంది. బాగుంది. బోర్డు మీద కూడా పెట్టించు. ఇకనుంచి నువ్వు చేసినదానికి నీ చుక్క, నాది అక్కర్లేదు. పాడైతే మాత్రం దాచకుండా నాకు చెప్పు, నేను చేసినట్టు చెయ్యకు.

సాయంత్రం కారెక్కమంది. మీ అత్త వెనక, నేను ముందు. అదే సీటు. ఎదురుగా పట్టీ. చూశాను, చూడకుండా ఎలా ఉంటాను? ఈ చివర నుంచి ఆ చివరదాకా వెతికాను. ఒక్క గుంట లేదు. నువ్వు నాకంటే మంచి పనిదానివి. ఈ మాట పద్నాలుగేళ్లప్పుడే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను.

ఇంకా బండి కదల్లేదు. నాకు తెలియకుండానే నా రెండు చేతులూ ఒళ్లో ఎవరినో పట్టుకున్నట్టు పెట్టుకుని ఉన్నాను. ఆవిడ పక్కకి చూసి, నా చేతులు చూసి, నా వైపు అద్దం పూర్తిగా దించింది. నా చెవి దగ్గరికి వంగి, నాకు వినపడేలా గట్టిగా, "నిటారుగా పట్టుకోండి" అంది.

పట్టుకునే ఉన్నాను తల్లీ.

నీ మామయ్య